చవక అర

మార్చి 14

వదిన ఒప్పుకుంది! ఏడాదిగా చెవిలో జోరీగలా పోరగా పోరగా ఇవాళ ఒప్పుకుంది. తన వైన్ల దుకాణంలో తలుపు పక్క అర, ఇన్నాళ్ళూ ఖాళీ సంచులూ దుమ్మూ తప్ప ఏమీ లేని అర, ఇక మొత్తం నాదే. పన్నెండు దేశాల వైన్లు, దేశానికో రకం, ఒక్కటీ జేబుకు చిల్లు పెట్టేది కాదు. ఏప్రిల్ 18న ప్రారంభం.

"దుకాణం నాది, నాలుక నీది. ఏవి పెట్టాలో నువ్వే ఎంచుకో. కానీ ప్రతి సీసా కింద ఒక కార్డు ఉండాలి. దాని మీద 'అద్భుతం', 'అమోఘం' అని రాశావో, చింపి చెత్తబుట్టలో వేస్తా" అంది.

"మరేం రాయమంటావ్?"

"తాగితే ఎలా ఉంటుందో రాయి. కొనేది మన పక్క కొట్టు టైలరు లాంటివాళ్ళు. నెలకి ఒక్క సీసా కొనుక్కుని, బాగోకపోతే నెలంతా మనల్ని తిట్టుకునేవాళ్ళు. వాళ్ళని మాత్రం మోసం చెయ్యకు."

మోసమా! నేనా! ఖరీదైన సీసా బాగుందని ఎవరైనా చెబుతారు. చవకదాంట్లో మంచిది వెతికి పట్టుకోవడంలోనే ఉంది మజా అంతా.

ఇంటికొచ్చి ఆయనకు చెప్పాను, ఊపిరి తీసుకోకుండా చెప్పాను. అంతా విని "బాగుంది" అన్నారు. లిఫ్టులు బాగుచేసే మనిషి. రోజంతా లిఫ్టు గొయ్యిలో ఒక్కరే ఉండి ఉండి మాటలు మర్చిపోయారు. రోజుకు పది మాటలు రేషను, అందులో నాలుగు "బాగుంది"లే.

మార్చి 17

మొదలుపెట్టేశాం. వదిన సీసాలకు కాగితం చుట్టి తెస్తుంది, ఏది ఏదో నాకు తెలియకుండా. నేను వాసన చూసి, నోట్లో తిప్పి, బకెట్‌లో ఉమ్మేసి, తోచింది చెబుతాను. ఉమ్మకపోతే మధ్యాహ్నానికి నేనూ అరలో ఒక సీసాగా పడుకోవాల్సిందే.

పోర్చుగల్‌ది ఖాయం చేశాం. పేరు విన్యో వెర్డె, అంటే ఆకుపచ్చ వైను. కానీ పచ్చగా ఉండదు, ఇంచుమించు నీళ్ళలా ఉంటుంది. పచ్చ అంటే లేత అని అర్థమట. నాలుక మీద చిటపటలాడుతుంది, నిమ్మ తొక్క వాసన, తేలిక. కార్డు ఇలా రాశాను: "ఎండన పడి ఇంటికొచ్చినవాళ్ళకు. బాగా చల్లబరచండి. దీన్ని దాచి పెట్టకండి, దాచే కొద్దీ నీరసపడుతుంది."

దక్షిణాఫ్రికా షెనిన్ బ్లాంక్ కూడా ఖాయం. జామపండు వాసన, వెనకాల కాస్త తేనె.

అర్జెంటీనా మాల్బెక్ మాత్రం ఉమ్మలేదు. తప్పు నాది కాదు, దానిది! నల్లగా, మెత్తగా, పండు పండుగా ఉంది. వదిన చూసి "బకెట్ ఇక్కడుందమ్మా, ఆడపడుచా" అంది. చూడనట్టు మొహం తిప్పుకున్నాను.

మార్చి 22

ఇవాళ నా ముక్కుకు ఏమైందో కానీ గాల్లో తేలిపోతున్నాను!

దుకాణానికి సరుకు వేసే ఏజెంటు ఇటలీ తెల్లవైను నమూనా తెచ్చాడు. మూత తీశాడో లేదో, నేను రెండు గజాల దూరంలో ఉన్నాను, "పాడైపోయింది" అనేశాను. తడిసిన అట్టపెట్టె వాసన. సీసాకు బిగించే కార్కు, అదే బెరడు మూత, దానికి తెగులు ఉంటే వచ్చే వాసన అది. ఏజెంటు వాసన చూసి ఏమీ లేదన్నాడు. వదిన చూసి తనకూ తెలియడం లేదంది. "మీ ఆడపడుచు బకెట్‌లో ఉమ్మడం మానేసినట్టున్నారు" అని పళ్ళికిలించాడు ఏజెంటు. నేను చేతులు కట్టుకుని కూర్చున్నాను. గ్లాసు అక్కడే ఉంచమన్నాను. ఏజెంటు టీ తాగి వచ్చేసరికి ఆ వాసన వాడికీ కొట్టింది, వదినకీ కొట్టింది. వాడి మొహం చూడాలి!

వదిన నా ముక్కు పట్టుకుని "ఇది ముక్కా, దొంగల్ని పట్టే కుక్కా?" అంది.

నిజంగానే. ఏజెంటు కోటు మీద సబ్బూ, టైలరు ఇస్త్రీపెట్టె కింద కాలిన గుడ్డా, అన్నీ తెలుస్తున్నాయి. ఒక్క కాఫీయే దగ్గరికి రానివ్వడం లేదు. పొడిలో ఏదో కలుపుతున్నారు. కంపెనీ మార్చాలి.

మార్చి 24

ఈ నెల ఇంకా రాలేదు. తిరుగుడు ఎక్కువైంది కదా, అందుకే.

మార్చి 25

ఇవాళంతా ఒక్క మాట కోసం యుద్ధం. జార్జియా ఎర్రవైను, సపెరావి. లోపలి గుజ్జు కూడా ఎర్రగా ఉండే ద్రాక్ష, గ్లాసులో సిరా పోసినట్టుంటుంది. తాగితే చిగుళ్ళు పట్టేస్తాయి. దాన్ని టానిన్ అంటారు, కార్డు మీద అలాగే రాయమన్నాడు ఏజెంటు. అప్పుడే టైలరు గుండీల డబ్బా పట్టుకుని లోపలికొచ్చాడు.

"టానిన్ అంటే ఏంటమ్మాయ్? మందా?"

"పచ్చి అరటికాయ కొరికితే నాలుక ఏమవుతుంది మామా?"

"వగరెక్కి పట్టేస్తుంది."

"అదే!"

"మరి వగరు అని ఏడవచ్చుగా" అన్నాడు టైలరు.

వగరు! ఉన్న మాటను పక్కన పెట్టి ఎంతసేపు కొట్టుకున్నాం! చేదు కాదు, పులుపు కాదు, సరిగ్గా వగరు. కార్డు రాశాను: "వగరు. ఒంటరిగా తాగితే మొహం మాడుతుంది. మాంసంతోనో చీజుతోనో తాగండి, చక్కగా కలిసిపోతుంది."

చిలీ కార్మెనేర్ కూడా ఖాయం. దీన్ని అక్కడివాళ్ళు ఏళ్ళ తరబడి మెర్లో అనే వేరే ద్రాక్ష అనుకున్నారట. తోటలో కళ్ళెదుటే ఉంది, రోజూ కోస్తున్నారు, అమ్ముతున్నారు, కానీ అదేదో ఒక్కరికీ తెలియలేదు. ఎంత మొద్దు మనుషులో అని నేనూ వదినా పడీ పడీ నవ్వాం.

మార్చి 29

రెండు గీతలు.

జర్మనీ రీస్లింగ్. తీపిగా ఉంటుందని జనం భయపడతారు. సీసా మీద 'ట్రోకెన్' అని ఉంటే తీపి లేనట్టు. పచ్చి ఆపిల్ వాసన. కార్డు రేపు రాస్తాను.

నాలుక మీద పుండు వచ్చింది, రుచి చూడలేను అని వదినతో చెప్పాను. ఇక్కడా అదే రాస్తున్నాను. నాలుక మీద పుండు.

మాల్బెక్ ఎందుకు మింగాను?

మార్చి 30

సరే, ఈ ఒక్కసారి రాసి ఇక ముట్టుకోను.

ఇంతకుముందు రెండుసార్లు నిలిచింది, రెండుసార్లూ పోయింది. పోవడం ఒక ఎత్తు. తర్వాత చెప్పుకోవడం ఇంకో ఎత్తు. ఆనందం పట్టలేక మొదటి రోజే ఊరంతా చాటుకున్నాను కదా. మళ్ళీ ఒక్కొక్కరికీ ఫోన్ చేసి లేదు, పోయింది అని చెప్పాలి. కొందరికి తెలియక నెల తర్వాత కూడా "ఎలా ఉన్నారిద్దరూ?" అని నవ్వుతూ అడిగేవారు. ఒకావిడకి నడివీధిలో నిలబడి చెప్పాను. ఆవిడ ఏడిస్తే నేనే ఓదార్చాల్సి వచ్చింది. ఆయన ఆ రోజుల్లో ఒక్క ఫోనూ చెయ్యలేదు. గోడ వైపు తిరిగి పడుకునేవారు.

అందుకే ఈసారి ఎవరికీ చెప్పను. వదినకు చెప్పను, ఆయనకు చెప్పను. డాక్టరమ్మ దగ్గరకూ ఇప్పుడే వెళ్ళను. వెళితే నిజమైపోతుంది. ఇక్కడ కూడా ఆ మాట రాయను.

అర సంగతి చూద్దాం. ఇంకా ఆరు దేశాలున్నాయి.

ఏప్రిల్ 2

రుచి చూడటానికి నాలుక దొరికింది! ఎవరిదంటే, ఆయనది! వదిన ఆలోచనే. "తమ్ముణ్ణి కూర్చోబెట్టు. మాట రాకపోయినా నోరుంది కదా" అంది.

సెలవు రోజు పొద్దున దుకాణం వెనక గదిలో కూర్చోబెట్టాం. హంగేరీ తెల్లవైన్లు మూడు, అందులో ఒకటి ఎంచాలి. మొదటిది ఇచ్చాం. తాగారు. ఆలోచించారు.

"ఎలా ఉంది తమ్ముడూ?"

"బాగుంది అక్కయ్యా."

రెండోది. "బాగుంది." మూడోది. "ఇదీ బాగుంది." వదిన నెత్తి కొట్టుకుంది. నాకు ముక్కు మీద కోపం వచ్చింది. "ఏమండీ, పోనీ లిఫ్టు గురించైతే ఎలా చెబుతారు? అలా చెప్పండి" అన్నాను.

ఆయన మళ్ళీ మొదటి గ్లాసు తీసుకున్నారు. కళ్ళు మూసుకున్నారు.

"ఇది జోరుగా ఎక్కింది. కానీ రెండో అంతస్తులో ఆగిపోయింది. తలుపు తీసుకోలేదు."

నేనూ వదినా రెండో గ్లాసు ఆయన ముందుకు తోశాం.

"ఇదేమో మెల్లగా కదిలింది. కుదుపు లేదు. పై అంతస్తు దాకా పోయి, అక్కడే కాసేపు నిలబడింది. దిగేటప్పుడు కూడా తెలియలేదు."

అచ్చం అదే! మొదట దూకుడు చూపించి నడుమ చప్పబడిపోయే వైనూ, గొంతు దిగాక కూడా రుచి నిలిచే వైనూ, వాటిని ఇంతకంటే బాగా ఎవరు చెప్పగలరు? ఆయన ఇంతసేపు మాట్లాడటం పెళ్ళిచూపుల్లో కూడా వినలేదు నేను. పట్టుకుని ముద్దు పెట్టేసుకున్నాను. వదిన "నేనిక్కడే ఉన్నానమ్మా" అని అటు తిరిగింది.

ఏప్రిల్ 6

ఇప్పుడు పని ఇలా నడుస్తోంది. నేను వాసన పట్టుకుంటాను, ఆయన నోటితో పట్టుకుంటారు, ఇద్దరం కలిసి ఒక మనిషి. ఇటలీ మాంటెపుల్చానో ఖాయం. నాకు చెర్రీ పళ్ళు తెలిశాయి, ఆయనకు "పాత మోటారు, కానీ నమ్మకమైనది" తెలిసింది. ఆ మాటే కార్డు మీద పెట్టేశాను. వదిన చదివి, చింపలేదు. అంతకంటే మెచ్చుకోలు ఏం కావాలి?

దారిలో ఆయన అడిగారు: "నీ పుండు ఎప్పుడు తగ్గుతుంది?"

"తగ్గుతుందిలెండి."

"చూడనివ్వు."

నోరు గట్టిగా మూసుకుని నడిచాను. ఆయన నా చేతిలోని సంచి అందుకున్నారు. ఇవాళ్టి రేషను అయిపోయిందేమో.

ఏప్రిల్ 9

పొద్దున్నే వాంతి. గుడ్డు పాతదయ్యుంటుంది.

ఏప్రిల్ 11

పొత్తికడుపులో నొప్పి. దుకాణం బాత్రూంలో కూర్చుని పలకల మీద గీతలు చూస్తూ ఉండిపోయాను. ఏమీ కాలేదు. ఏమీ కనబడలేదు. సాయంత్రానికి నొప్పి తగ్గింది.

భయం వేసింది. చాలా భయం వేసింది. చెప్పడానికి ఎవరూ లేరు. ఎవరికీ చెప్పకుండా చేసుకున్నది నేనే కదా.

బయటికొచ్చేసరికి తలుపు దగ్గరే వదిన నిలబడి ఉంది. "పెట్టెలు నువ్వు ఎత్తకు, మీ అన్నయ్య ఎత్తుతాడు" అంది. నడుము పట్టేసిందనుకుని ఉంటుంది. మంచిదే.

ఏప్రిల్ 15

పదకొండు కార్డులు అయ్యాయి! ఒక్కొక్కటీ పదిసార్లు చదువుకున్నాను. గ్రీసుది ఉప్పుగాలి, ఫ్రాన్సు దక్షిణాది ఎర్రది ఎండిన ఆకుల వాసన, ఆస్ట్రేలియా షిరాజ్ మిరియాల ఘాటు. నిన్న ఎవరో ఒకావిడ సంచి పట్టుకుని దారిన పోతూ ఆగి, అద్దంలోంచి కార్డులన్నీ చదివి, తనలో తను నవ్వుకుని వెళ్ళింది. ఆ నవ్వుకే నాకు సగం అన్నం అక్కర్లేకపోయింది.

నిజానికి అన్నం ఎలాగూ సహించడం లేదు.

మిగిలింది పన్నెండోది, స్పెయిన్ కావా. షాంపేన్ లాగే సీసాలోనే నురగ పుట్టిస్తారు, ధర మాత్రం మనలాంటివాళ్ళది. కార్డు: "పెద్ద కబురు ఉన్న రోజు తాగండి. లేకపోయినా తాగండి."

ఏప్రిల్ 18

వరసగా రాయాలి, లేకపోతే రాయలేను.

సాయంత్రం దుకాణంలో కాలు పెట్టే చోటు లేదు. టైలరు, ఏజెంటు, వీధిలోవాళ్ళు, ఎవరో తెలియనివాళ్ళు. అర మీద లైటు మినుకు మినుకుమంటోందని ఆయన నిచ్చెన ఎక్కి బిగిస్తున్నారు. జనం కార్డులు పైకి చదువుకుంటున్నారు! "కుదుపు లేకుండా పై అంతస్తు దాకా" అని ఒకాయన చదివితే పక్కావిడ కిసుక్కుమంది. కార్మెనేర్ కథ చదివి ఇద్దరు రెండేసి సీసాలు పట్టుకెళ్ళారు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు.

అప్పుడు వదిన పళ్ళెం నిండా గ్లాసులు తెచ్చింది. కావా. అందరికీ ఇచ్చింది. చివరి గ్లాసు నా చేతిలో పెట్టింది.

"ఈ అర దీని నాలుక చలవే. ముందు ఇది తాగుతుంది, తర్వాతే మీరు ముట్టుకోవాలి."

అందరూ గ్లాసులు పట్టుకుని నా వైపే చూస్తున్నారు. బుడగలు పైకి లేస్తున్నాయి. పెదవులకు ఆనించి తాగినట్టు నటిద్దామనుకున్నాను. ఒక్క చుక్క లోపలికి పోతే? మాల్బెక్ గుర్తొచ్చింది. చెయ్యి పైకి లేవలేదు.

"కానియ్ అమ్మాయ్, గొంతు ఎండిపోతోంది ఇక్కడ" అన్నాడు టైలరు.

"నేను తాగకూడదు మామా" అన్నాను.

"పుండు తగ్గలేదా?"

"పుండు కాదు. నాకు కడుపు."

నోరు జారిందనుకోను. నేనే అన్నాను. దుకాణమంతా వినేలా, ఆ తెలియనివాళ్ళందరి ముందు. బల్బు బిగిస్తున్న చప్పుడు ఆగిపోయింది.

వదిన నా భుజం పట్టుకుని చెవిలో గుసగుసలాడింది: "ఓసి పిచ్చిమొద్దూ, అది కావా కాదు, సోడా! రంగు కోసం రెండు చుక్కల ఆపిల్ రసం కలిపా. నువ్వు దాచుకుంటున్నావు కదా, అందరి ముందూ ఇబ్బంది పడకూడదని వేరే పోసి తెచ్చా. ఇద్దరు పిల్లల్ని కన్నదాన్ని, నాకు తెలీదా?"

సోడా! తడిసిన అట్టపెట్టెను రెండు గజాల నుంచి పట్టిన ముక్కు, చేతిలో ఉన్న సోడాను పట్టలేకపోయింది!

ఆయన నిచ్చెన దిగి వచ్చారు. జనం దారి ఇచ్చారు. నా ముందు నిలబడి, "ఇంకోసారి చెప్పు" అన్నారు.

"నాకు కడుపు."

"ఇంకోసారి."

మళ్ళీ చెప్పాను. ఆయన రెండు చేతులతో నా మొహం పట్టుకున్నారు. చేతులకు దుమ్ముంది, ఇనుము వాసన. ఎంత బాగుందో ఆ వాసన! టైలరు "ఇక తాగొచ్చా తల్లీ?" అన్నాడు, దుకాణమంతా ఘొల్లుమంది.

ఇంటికి నడుస్తూ ఉండగా మళ్ళీ భయం పట్టుకుంది. "ఎంతమంది ముందు చెప్పేశానండీ. ఈసారీ నిలవకపోతే ఇంతమందికీ మళ్ళీ చెప్పుకోవాలి" అన్నాను.

చౌరస్తా దాటాక ఆయన అన్నారు.

"అప్పుడు నేను చెప్తాను. ఇల్లిల్లూ తిరిగి నేనే చెప్తాను. పోయినసారి అంతా నీ మీదే వదిలేశాను. నువ్వు ఈ మంచి కబురు చెప్పుకో, నీకు ఎంతమందికి చెప్పాలనిపిస్తే అంతమందికి చెప్పుకో."

నడిరోడ్డు మీద ఏడ్చేశాను. మంచి ఏడుపే.

ఏప్రిల్ 20

డాక్టరమ్మ దగ్గరకు వెళ్ళాం. మాల్బెక్ సంగతి, బకెట్ సంగతి అన్నీ దాచకుండా చెప్పాను. "తెలిసిన రోజునే మానేశారుగా, దాన్ని మోస్తూ కూర్చోకండి. ఇంత ఆలస్యంగా వచ్చినందుకు మాత్రం తిడతా" అంది, తిట్టింది కూడా. తర్వాత స్కాను చేస్తూ తెర మా వైపు తిప్పింది. చిన్న చుక్క, గబగబా కొట్టుకుంటోంది. శబ్దం పెట్టింది. ఆయన నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకున్నారంటే ఉంగరం గుచ్చుకుంది. ఇప్పటికి బాగానే ఉంది, ముందు ముందు జాగ్రత్తగా చూసుకోవాలి, మళ్ళీ రండి అంది.

బయట వరండాలో బల్లల నిండా జనం. ఆయన ఫోన్ తీశారు. ముందు, తెలిసిన కబురే అయినా, మా అన్నయ్యకు చేశారు. తర్వాత లిఫ్టుల ఆఫీసుకు. తర్వాత ఎప్పుడో పదేళ్ళ కిందట కలిసి పనిచేసినవాడికి. ప్రతిసారీ మొదటి నుంచి, పూర్తిగా, నవ్వుతూ! నెల రేషను ఒక్క పూటలో ఖర్చుపెట్టేశారు. ఆపమని చెయ్యి పట్టి లాగితే ఫోన్ ఇంకో చెవికి మార్చుకున్నారు.

నేల తుడుస్తున్న ఆవిడ ఆ కబురు నాలుగోసారి విని, కర్ర గోడకు ఆనించి, "ఎన్నో నెలమ్మా?" అని అడిగింది.

ఆవిడకు వినపడాలంటే మెల్లగా అన్నా సరిపోయేది. "మూడో నెల" అని వరండా అంతా తలతిప్పేలా చెప్పాను.